అన్నంలో కలిసిన సాలడ్

బాపట్లలో హోంసైన్స్ చదివే రోజుల్లో నాకు తెలియని విషయం లేదు. అలాగని నేనే అనుకునేదాన్ని. ఎనభైల చివర్లో నాన్నకి షుగరని తేలింది. అన్నం తగ్గించి పచ్చి కూరగాయలు బాగా తినమన్నారు తెనాలి డాక్టరు గారు. అప్పటికే రేపల్లెలో మా పెదనాన్నకి అదే జబ్బుతో రెండు కాలివేళ్లు తీసేశారు. ఆయన్ని చూసొచ్చిన దగ్గర్నుంచి అమ్మ చూపు ఎప్పుడూ నాన్న పాదాల మీదే.

ఆ శనివారం పాసింజరు దిగి సరాసరి వంటింట్లోకెళ్లాను. కీరదోసకాయ, క్యారెట్, క్యాబేజీ తరిగాను. పచ్చి బీట్‌రూట్ తురుము, నానిన పెసరపప్పు వేసి నిమ్మకాయ పిండాను.

"నాలుగు గడ్డిపరకలు కూడా వెయ్యకపోయావా? మీ నాన్నేమన్నా గేదా?" అంది అమ్మ.

"ఇందులో విటమిన్లు, పీచు ఉంటాయి. నీకు తెలీదు, ఊరుకో అమ్మా" అన్నాను. ఎంత పొగరో!

నాన్న బడి పంతులు. ప్రార్థన చెయ్యందే ముద్ద ముట్టరు. ఆ రోజు ప్రార్థన ఎంతకీ అవలేదు. సంఘంలో జబ్బుపడ్డవాళ్లందరూ అయ్యారు, వాడరేవులో వేటకెళ్లిన పడవలూ అయ్యాయి. మధ్యలో ఒక కన్ను తెరిచి గిన్నె వంక చూసి మళ్లీ మూసుకున్నారు. చివరికి ఆమెన్ అని నాలుగు ముక్కలు నమిలి "బావుందమ్మా" అన్నారు. మొహం మాత్రం కషాయం తాగినట్టుంది.

నెల తర్వాత వచ్చేసరికి, కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, షుగరు ఇంకా పెరిగింది. రోజూ పెడుతున్నానని అమ్మ ఒట్టేసింది. అదేంటో చూద్దామని భోజనాల దగ్గర కాపు కాశాను. నా సాలడ్‌కి ఆవాలు, ఎండుమిరపకాయలు, ఇంగువ పోపు! నాన్న దాన్ని వేడన్నంలో వేసుకుని, నెయ్యి పోసి, పచ్చడిలా కలిపి కొట్టేస్తున్నారు.

"ఇలా చేస్తే ఇంకో నాలుగు ముద్దలు ఎక్కువే తింటున్నారే" అంది అమ్మ మురిసిపోతూ.

"ఓరి దేవుడా! అన్నం బదులు తినమంటే అన్నంలో కలిపి పెడతావా? నాన్న కాళ్లు పోగొడతావా ఏంటి?" అని అరిచేశాను.

అమ్మ గరిటె అక్కడే పెట్టి పెరట్లోకి వెళ్లిపోయింది. నిజానికి తప్పు నాది. విటమిన్ల పేర్లన్నీ అప్పజెప్పానుగానీ, ఎప్పుడు తినాలో, ఎందుకు తినాలో చెప్పలేదు. ఆ మాట అమ్మతో అనడానికి నాకు నోరు రాలేదు.

మర్నాడు చర్చి నుంచి రాగానే అమ్మ అన్నం గిన్నె వంటింట్లోనే ఉంచేసింది. పోపు లేని పచ్చి ముక్కలు రెండు పళ్లేల్లో తెచ్చి, నాన్నకెదురుగా తనూ కూర్చుంది. నాన్న తిని లేచాక తప్ప అమ్మ కంచం ముందు కూర్చోవడం నేనెన్నడూ చూడలేదు.

"ఇవయ్యాకే అన్నం. మీరొక్కరే తినలేరుగా, నేనూ తింటాను. కానివ్వండి ప్రార్థన" అంది.

ప్రార్థన చిన్నదే చేశారు. అమ్మకి దవడ పళ్లు లేవు. క్యారెట్ ముక్కని నోట్లో అటూ ఇటూ తిప్పుతూ అవస్థ పడుతోంది. నాన్న అది చూసి తన పళ్లెంలోని కీరదోస ముక్కలు ఏరి ఆవిడ పళ్లెంలో వేసి, ఆవిడ క్యారెట్లు తను తీసుకున్నారు. నాకు ఏడుపు ముంచుకొచ్చి, అన్నం గిన్నె తెస్తానని లేచాను.

తెచ్చి రెండో గరిటె వెయ్యబోతే నాన్న చెయ్యి అడ్డం పెట్టారు.

"నాకొకటి చాలమ్మా. ఆ గరిటె ఇటివ్వు, మీ అమ్మకి నేను వడ్డిస్తాను."