నలుగురిని ఎక్కించి చూసిన కారు

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో తెల్లవారుజాము షిఫ్టు మొదలయ్యే వేళకి ఊళ్లో బస్సులు ఇంకా డిపో దాటవు. రోగులు కళ్లు తెరిచేసరికి దుప్పట్లు మాత్రం తెల్లగా ఉండాలి. వాటిని ఉతికే ఆడవాళ్లు చీకట్లో ఎలా వస్తారన్నది యాజమాన్యానికి పట్టదు. వాళ్లకి పట్టని ఆ పనే డ్రైవరక్కకి బతుకుతెరువు అయింది. నలుగురిని గుమ్మాల దగ్గర ఎక్కించుకుని లాండ్రీ గేటు ముందు దింపుతుంది. షిఫ్టు అయ్యాక మళ్లీ ఇళ్లకి చేరుస్తుంది. స్టీరింగు పట్టాకే ఆమె జుట్టు సగం నెరిసింది.

ఈమధ్య ఆమె పాత కారు నడిరోడ్డు మీద చేతులెత్తేసింది. నలుగురూ కాళ్లీడ్చుకుంటూ పనికి చేరారు. అందరిలోకీ చిన్నది చిట్టి. వాళ్లింట్లో పెద్ద రాద్ధాంతమే అయింది. "ఇంకోసారి బండి ఆగిందా, నువ్వూ ఉద్యోగం మానెయ్" అని మామగారు తేల్చిపారేశాడు. మొరాయించింది ఇంజను, శిక్ష పడబోయేది కోడలికి. మన ఇళ్లలో ఇంతే. రోడ్డు బాగాలేకపోయినా, దీపం వెలగకపోయినా, బస్సు రాకపోయినా ముందు ఆడదాన్ని ఇంట్లో కూర్చోబెడతారు.

కాబట్టి డ్రైవరక్క కొనబోయే కారు ఆగకూడదు. ఆగితే చిట్టి పని పోతుంది. గుంతల రోడ్డుకి కాస్త ఎత్తుగా ఉండే చిన్న ఎస్‌యూవీ అయితే మేలని, సెలవు రోజు చూసి పాత కార్ల యార్డుకి బయల్దేరింది. వెంట చిట్టి, లాండ్రీలో అందరికంటే సీనియర్ పెద్దక్క. "ఆ బండేదో నేనూ చూస్తా" అంటూ మామగారు కూడా తయారయ్యాడు. ఆయన జన్మలో సైకిలు తప్ప మరొకటి నడపలేదు.

యార్డు యజమాని తిన్నగా ఆయన దగ్గరికే వచ్చాడు. "రండి సార్! ఈ ఎర్రది చూడండి. పువ్వులా వాడారు. ఇంత పెద్ద స్క్రీను ఇంకే బండిలోనూ ఉండదు."

మామగారి ముఖం విప్పారింది. వెళ్లి టైరుని ఓ తన్ను తన్ని గంభీరంగా తలూపాడు.

"నడిపేది నేనండీ," అంది డ్రైవరక్క, బానెట్ మీద అరచెయ్యి ఆనించి. "ఇదేంటి, ఇంత వేడిగా ఉంది?"

"ఎండమ్మా, ఎండ."

"రేకుల షెడ్డు నీడలో పెట్టుకుని ఎండంటారేంటి? చల్లారనివ్వండి. కూర్చుంటాం."

"ఇప్పుడే చల్లారదమ్మా!"

"మాకూ ఇప్పుడే పనేం లేదు. సెలవు."

నలుగురూ ప్లాస్టిక్ కుర్చీల్లో సర్దుకున్నారు. డ్రైవరక్క మాత్రం ఊరుకోలేదు. షెడ్డు చివర దుమ్ము కొట్టుకుపోయిన బూడిదరంగు కారు కనిపిస్తే అక్కడికి నడిచింది. తలుపుల మీద గీతలున్నాయి, బంపరు మూల సొట్ట ఉంది. దాన్ని ఎవరైనా అడుగుతారని యార్డులో అనుకోలేదు కాబట్టి దాని ఇంజన్ చల్లగానే ఉంది. బోల్టుల మీద పెయింటు చెదరలేదు, అంటే ఎవరూ విప్పి బిగించలేదు. సీటు బెల్టు చివరిదాకా లాగితే బురద మరక రాలేదు. కింద పరిచిన తివాచీ ఎత్తితే ముక్కిన వాసన లేదు. వరదలో మునిగిన బండి కాదన్నమాట.

ఎర్రది చల్లారాక స్టార్ట్ చేయించింది. గలగలమంటూ లేచి, వెనక గొట్టంలోంచి నీలంపొగ కక్కింది.

"చల్లారాక ఏ బండైనా కాస్త దగ్గుతుందమ్మా," అన్నాడు యజమాని.

"దగ్గు కాదండీ, ఇది ఆయిల్ తాగుతోంది. మేం రాకముందే వేడి చేసిపెట్టింది అందుకేగా?"

యజమాని ఎర్రదాని ఇంజన్ ఆపేశాడు. చిట్టి మామగారు స్క్రీను వంక ఆఖరిసారి దిగులుగా చూశాడు.

బూడిదరంగుది పొగా చప్పుడూ లేకుండా మొదటి తిప్పుకే అందుకుంది. "ఒక రౌండేసి రండి," అన్నాడు యజమాని హుషారుగా.

"అందరం ఎక్కుతాం. మీరు కూడా."

"కొనడానికొచ్చారా, షికారుకొచ్చారా?"

"రోజూ ఎక్కేది మేమే కదా నాయనా," అంది పెద్దక్క, వెనక సీటులోకి చొరబడుతూ. "నా ఒక్కదాని బరువు చాలు, దాని గుట్టంతా బయటికి రావడానికి."

డ్రైవరక్క ఎప్పుడూ ఇలాగే చూస్తుంది. ఒంటరిగా నడిపితే ఏ కారైనా బాగానే ఉంటుంది. రేపు మోయాల్సిన మనుషులనే ఎక్కించాలి, రేపు ఎక్కాల్సిన ఎత్తే ఎక్కించాలి. లాండ్రీ దారిలోని ఫ్లైఓవర్ మీదికి తిప్పింది. సగం ఎత్తులో, పై గేరులో, యాక్సిలరేటర్ నొక్కింది. ఇంజన్ అరుపు పెరిగింది గానీ కారు వేగం పెరగలేదు.

"అదిగో! ఇదీ అంతే!" మామగారు సీటులోంచి ఎగిరాడు. "చిట్టీ, రేపే మానేస్తున్నానని చెప్పెయ్!"

చిట్టి కిటికీ వైపు తిరిగిపోయింది. పెద్దక్క దాని మోకాలి మీద చెయ్యి వేసింది.

డ్రైవరక్క గేరు తగ్గించి, నెమ్మదిగా పైకి చేర్చి, పక్కన ఆపింది. "కంగారుపడకండి బాబాయ్. క్లచ్ అరిగింది. చెప్పులు అరగవూ? అలాంటిదే. ఇంజన్ గట్టిది. అరిగినదాన్ని మార్చుకోవచ్చు. ఎర్రదాంట్లో దాచిపెట్టిన జబ్బుకి మాత్రం నేను జవాబుదారీ కాలేను." యజమాని వైపు తిరిగింది. "నేను చెప్పిన మెకానిక్ దగ్గర, నా కళ్లముందు కొత్త క్లచ్ వేయించండి. మళ్లీ ఇదే ఎత్తు, ఇదే మనుషులు. ఎక్కితే కొంటాను."

"ఇంత చాదస్తమా అమ్మా!"

"తీసుకెళ్లేది మనుషుల్నండీ."

యజమాని గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. ఆ గీతల బండిని అడిగినవాళ్లు ఇంకెవరూ లేరు మరి.

క్లచ్ మార్చిన మర్నాడు మళ్లీ అందరూ ఎక్కారు. ఈసారి డ్రైవరక్క ఎత్తు మధ్యలో కావాలనే ఆపేసింది. మామగారు ముందు సీటు వెన్ను గట్టిగా పట్టుకున్నాడు. ఆమె బ్రేకు వదిలింది. కారు వెనక్కి ఒక్క అంగుళం జారకుండా ముందుకి కదిలింది, నిండు బరువుతో పైదాకా గుక్క తిప్పుకోకుండా ఎక్కేసింది.

కిందికి దిగాక మామగారు సీటు మీద పట్టు వదిలాడు. డ్రైవరక్కనే అడిగాడు. "రేపు ఎన్నింటికొస్తావమ్మాయ్?"

"నన్నెందుకు బాబాయ్? పనికెళ్లేది మీ కోడలు. తననే అడగండి."

ఆయన గొంతు సవరించుకుని చిట్టి వైపు తిరిగాడు.

"చీకటితోనే వెళ్లిపోతా మావయ్యా," అంది చిట్టి. "టీ మీరే పెట్టుకోవాలి."