గంట మోగేదాకా

ట్రైనింగులో మూడు రోజులు కళ్లు మూసుకుని కూర్చుని వచ్చాను. తిరువూరులో నా నాలుగో తరగతి పిల్లలకూ అది నేర్పాలన్నారు. ఊపిరిని గమనించాలి, చెవిన పడ్డ చప్పుడును వచ్చినట్టే పోనివ్వాలి, చిన్న గంట మోగాకే కళ్లు తెరవాలి. అంతవరకు బాగానే ఉంది. నా తెలివి తెల్లారినట్టే ఉంది, దానికి నేనొక ఆట కలిపాను. మధ్యలో బల్ల మీద చరిచి, "పాము, పాము, బయటికి పరిగెత్తండి" అని అరిచేదాన్ని. అయినా కళ్లు తెరవని వాళ్ల చేతి మీద పెన్నుతో స్టార్ వేసేదాన్ని.

లారీ మెకానిక్ కూతురు ఒకతి మాత్రం రోజూ కళ్లు తెరిచి పైకి చూసేది.

"పైన టిక్కు టిక్కుమంటుంది టీచర్."

"అననివ్వు. వచ్చిన చప్పుడు అదే పోతుంది."

"ఇంజన్లో ఏదన్నా తేడాగా వినపడితే మా నాన్న బండి ఆపి చూస్తాడండి."

"ఇది మీ షెడ్డు కాదు. కళ్లు మూసుకో."

నాకు ఒళ్లు మండింది. ఆ పిల్లకు ఒక్క స్టారూ వేయలేదు. వారం తిరిగేసరికి చెప్పడం మానేసింది. దారికొచ్చిందని సంబరపడ్డాను. ఆ రోజుల్లోనే శ్లాబు నుంచి సున్నం పొడి అటెండెన్స్ రిజిస్టరు మీద రాలుతుండేది. కొంగుతో తుడిచేసి పేర్లు పిలిచేదాన్ని.

నాలుగు రోజులు ముసురు పట్టింది. ఐదో రోజు పొద్దున పిల్లలంతా కళ్లు మూసుకున్నాక, మూలన పెద్ద పెచ్చు ఊడిపడింది. ఒక్క గెంతులో వరండాలో ఉన్నాను. అవును, అందరికంటే ముందు నేనే. అక్కణ్ణుంచి "లేవండి, బయటికి రండి" అని గొంతు చించుకున్నాను. ఎవరూ కదల్లేదు. కొందరు నవ్వాపుకుంటూ కళ్లు ఇంకా గట్టిగా మూసుకున్నారు. గంట లోపల బల్ల మీద ఉంది.

లోపలికి వెళ్లడానికి కాళ్లు రాలేదు. చివరికి వెళ్లి గంట వాయించాను. పిల్లలు కళ్లు తెరిచి, దుమ్ము చూసి, ఏడుస్తూ పరిగెత్తారు. ఆఖరి పిల్ల గడప దాటిన కాసేపటికి, వాళ్లు కూర్చున్న చాపల మీద శ్లాబు పెచ్చులు పెచ్చులుగా పడింది.

మెకానిక్ కూతురి జుట్టు నిండా సున్నం. తనొక్కతే ఏడవలేదు. నా దగ్గరకొచ్చి చెయ్యి చాపింది.

"ఇవాళ పెద్దగా టిక్కుమంటానే ఉందండి. మీరు పోనివ్వమన్నారుగా, పోనిచ్చాను. ఒక్కసారి కూడా కళ్లు తెరవలేదు టీచర్. స్టార్ వెయ్యండి."