సుగుణక్క తెల్ల కోడికూర

నిన్న పొద్దున ఫస్ట్ పీరియడ్ అయ్యాక స్టాఫ్‌రూమ్‌లో ఫోన్ తీశాను. మా బంధువుల వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్.

సుగుణక్క పోయింది. హార్ట్ ఎటాక్. దవాఖానకు తీసుకెళ్లేలోపే.

మూడుసార్లు చదివాను. చేతిలో చాక్‌పీస్ అలాగే ఉంది.

మా పెద్దమ్మ బిడ్డ. దేవరకొండ దగ్గర గొర్రెలు కాసుకునే ఇల్లు. భర్త చనిపోయాక హైదరాబాద్‌లో ఒకరింట్లో పద్నాలుగేళ్లు వంట చేసింది. వైన్, మష్రూమ్స్, క్రీమ్ వేసి చికెన్ వండడం అక్కడే నేర్చుకుంది.

మొదటిసారి ఊళ్లో వండినప్పుడు నేనున్నాను. ముక్కలు వెన్నలో ఎర్రగా వేయించి తీసింది. అదే గిన్నెలో వెల్లుల్లి, పుట్టగొడుగులు. నీరంతా ఇగిరాక వైట్ వైన్ పోసి, ఘాటు పోయేదాకా మరిగించింది. ముక్కలు మళ్లీ వేసి, మంట తగ్గించి, క్రీమ్, మిరియాల పొడి.

పెద్దమ్మ తొంగి చూసింది. "గిదేం కూర బిడ్డా? కారం, పసుపు మరిచినవా?"

"జర తిని మాట్లాడమ్మా."

పెద్దమ్మ జొన్నరొట్టెతో గిన్నె తుడిచి మరీ తిన్నది.

తర్వాత అక్క నల్గొండలో కర్రీ పాయింట్ పెట్టింది. ఆదివారాలు ఈ చికెన్ స్పెషల్. బోర్డు నేనే రాశాను. "ఇందులో వైన్ ఉంటుంది. పిల్లలకు ఇవ్వం." అలా రాయమన్నది అక్కే.

ఒకరోజు మా బంధువే ఒకాయన వచ్చి, షెల్ఫ్‌లోని బాటిల్‌ను వీడియో తీసి గ్రూప్‌లో పెట్టాడు. "చెప్పకుండ కూరల మందు పోసి పిల్లలకు తినిపిస్తాంది" అని.

ఇక అందరూ మొదలుపెట్టారు. మొగుడు లేనిది, పట్నంలో ఏమేం నేర్చుకొచ్చిందో అని కూడా రాశారు.

అక్క ఫోన్ చేసింది.

"తమ్మీ, నువ్వు సారువి. నీ మాట ఇంటరు. బోర్డు నువ్వే రాసినవ్ గదా. గా ఒక్క ముచ్చట గ్రూపుల పెట్టు."

"చూస్తనక్కా" అన్నాను.

టైప్ చేశాను.

డిలీట్ చేశాను.

టీచర్ అయ్యుండి మందు కూరకు సపోర్ట్ చేస్తున్నాడంటారని భయం.

వీడియో నల్గొండంతా తిరిగింది. నెల తిరగకముందే ఓనరు షాపు ఖాళీ చేయించాడు. అక్క ఒక హాస్టల్‌లో వంటకు చేరింది. ఆరేళ్లు పప్పు, చారు. ఆ చికెన్ మళ్లీ వండలేదు.

ఒకసారి సిగ్గు లేకుండా అడిగాను, వండిపెట్టమని.

"వద్దు తమ్మీ. ఎవరన్న చూస్తే నీకు మాట వస్తది" అంది.

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే నా గురించి ఆలోచించి అన్న మాట. అదే ఇప్పటికీ మింగుడు పడదు.

నిన్న అదే గ్రూప్ నిండా పూలు, దండాలు. "అన్నపూర్ణ" అట. "గొప్ప చెయ్యి" అట. సాయంత్రం అంత్యక్రియల్లో, ఆ వీడియో తీసినాయన నా పక్కనే నిలబడి, "మస్తు వండేది పాపం" అన్నాడు.

"ఎన్నడన్న తిన్నవా?" అని అడిగాను.

"లే" అన్నాడు. తలైనా దించుకోలేదు.

నేను తిన్నాను. తిని, నోరు మూసుకున్నాను. మా ఇద్దరిలో ఎవరు ఎక్కువ తప్పు చేశారో నన్ను అడగొద్దు.

సుగుణక్క ఎవరినీ మోసం చేయలేదు. ఈ ఒక్క ముక్క రాయడానికి నాకు ఆరేళ్లు పట్టింది. ఇవాళ గ్రూప్‌లో కూడా పెట్టాను. అందరూ చూశారు. ఒక్కరూ జవాబివ్వలేదు.

పోయిరా అక్కా. అక్కడైనా నీకు నెమ్మది దొరకాలి.

క్షమించమని మాత్రం అడగను. నువ్వు క్షమించేస్తావు.