దోసకాయకు ఈజిప్టు ఉప్పు

పదో తరగతితో నా బడి ఆగింది కానీ చదువు ఆగలేదు. పెళ్ళయ్యేదాకా నందిగామ గ్రంథాలయంలో బీరువా తర్వాత బీరువా చదువుకుంటూ పోయాను. నక్షత్రాలు, తేనెటీగలు, నైలు నది, ఏది చేతికొస్తే అది. జగ్గయ్యపేటలో కిరాణా కొట్టువాళ్ళింటికి కోడలిగా వచ్చాక కూడా, మధ్యాహ్నం బేరాలు పల్చబడగానే బల్ల వెనక పుస్తకం తెరిచేదాన్ని. ఆ చదువు ఎవరికైనా పనికొస్తుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

నిరుడు ఆరో తరగతిలో ఉన్న మా అమ్మాయి బడి నుంచి వచ్చి, సంచి దింపకుండానే అంది.

“అమ్మా, నీకు ఈజిప్టు గురించి మొత్తం తెలుసని మా గ్రూపులో చెప్పేశా.”

“మొత్తం ఎక్కడ తెలుసే!”

“చెప్పేశాగా. రేపు సాయంత్రం వస్తన్నారు.”

ఆ ఏడే అది తెలుగు మీడియం నుంచి ఇంగ్లీషు మీడియం బడికి మారింది. క్లాసులో నోరు విప్పేది కాదు. ప్రాజెక్టుకి గ్రూపులు కట్టినప్పుడు ఎవరూ పిలవకపోతే, చివరికి మేడమే దాన్ని ప్రాచీన ఈజిప్షియన్ల గ్రూపులో వేశారట. “నువ్వు బొమ్మలకి గమ్ము పూయి, చాల్లే” అందట లీడరు పిల్ల. దానికి జవాబుగా మా అమ్మాయి నన్ను చూపించింది. ఆ గ్రూపులో దాని చోటు నిలబడాలంటే నేను తెలిసినదాన్నై తీరాలి.

మర్నాడు లీడరు, ఇంకో ఇద్దరు వచ్చారు. నైలు వరదల గురించీ, పిరమిడ్ల రాళ్ళ గురించీ చెప్పాను. చనిపోయినవాళ్ళ ఒంట్లోని నీరంతా ఉప్పుతో లాగేసి మమ్మీలు చేసేవాళ్ళని చెప్పగానే లీడరు లేచి నిలబడింది.

“మనమూ చేద్దాం ఆంటీ! ఓ వీడియోలో కోడిని చేశారు.”

“మా వంటింట్లో కోడా? మా అత్తయ్య మనందర్నీ కలిపి ఉప్పులో పెడుతుంది.”

దోసకాయతో సరిపెట్టుకున్నాం. నిలువుగా కోసి, గింజలు తీసేశాం, పేగులు తీసినట్టు. కొట్లోంచి కల్లుప్పు తెచ్చాను. ఆ తర్వాత నా చేతులు వాటి దారిన అవి పోయాయి. ఉప్పులో చిటికెడు పసుపు కలిపాయి. జాడీలోకి ఎత్తి, మూతపెట్టి, పైన గుడ్డ వాసెన కట్టాయి. “గట్టిగా కట్టు, గాలి తగలకూడదు” అని అత్తయ్య కూడా హెచ్చరించింది. మూడో రోజు తెరిచి, అడుగు నుంచి ఒకసారి తిరగకలిపాను కూడా.

మరుసటి శనివారం పిల్లలు వచ్చి వాసెన విప్పారు. జాడీ నిండా ఊట. అందులో మెత్తబడి తేలుతున్న దోసకాయ. అత్తయ్య చిన్న ముక్క తుంచి నోట్లో వేసుకుంది.

“ఉప్పు సరిపోయింది. కాస్త కారం, ఆవపిండి పడితే భోజనంలోకి బ్రహ్మాండం.”

పిల్లలు పడీ పడీ నవ్వారు. లీడరు మా అమ్మాయి వైపు తిరిగింది. “మీ అమ్మకి మొత్తం తెలుసన్నావ్‌గా?”

మా అమ్మాయి తల దించుకుంది. ప్రదర్శన వారం రోజుల్లో ఉంది.

ఆదివారం దాన్ని తీసుకుని నందిగామ బస్సెక్కాను. నేను చదివిన పుస్తకం అదే గ్రంథాలయంలో, కొత్త అట్ట వేసుకుని ఇంకా ఉంది. మా అమ్మాయి వేలు పెట్టి చదివింది. ఎండిపోయిన చెరువుల అడుగున దొరికే పొడి ఉప్పు. అది తడిస్తే తీసేసి, మళ్ళీ పొడి ఉప్పు.

“అమ్మా, ఇందులో జాడీ ఎక్కడా లేదు.”

ఆ పేజీ నేను ఎన్నిసార్లు చదివానో! ఊరగాయ పెట్టే చేతులకి మాత్రం ఆ సంగతి చేరలేదు.

ఇంటికొచ్చాక మా అమ్మాయే పూనుకుంది. పల్చటి దోసముక్కలు పళ్ళెంలో పరిచి, ఉప్పు కప్పి, డాబా మీద ఎండలో పెట్టింది. బడి నుంచి రాగానే ఉప్పు తడిమి చూసి, చెమ్మగా ఉంటే మార్చేది. నేను జాడీ కడగబోతే అడ్డం పడింది.

“పారెయ్యకమ్మా. అదీ తీసుకెళ్తా.”

ప్రదర్శన రోజు తల్లిదండ్రుల్ని పిలిచారు. థర్మోకోల్ పిరమిడ్ పక్కన జాడీ, పళ్ళెం ఉన్నాయి. పళ్ళెంలో ముక్కలు తోలుముక్కల్లా గట్టిపడ్డాయి.

“ఈ రెండూ ఏంటమ్మా?” అని మేడం అడిగారు. పిరమిడ్ల పాఠం గడగడా అప్పజెప్పిన లీడరు మా అమ్మాయి వైపు చూసింది. అది ముందు జాడీనీ, తర్వాత పళ్ళేన్నీ చూపించింది.

“ఇది తప్పుగా చేసింది మేడం, ఇది సరిగ్గా చేసింది. జాడీకి మూత పెడితే దోసకాయలో నీళ్ళు దాన్లోనే ఉండిపోయినయ్. పళ్ళెంలోవి బయటికి పోయినయ్. ఈజిప్టు వాళ్ళు ఎండబెట్టారు, మేం ఊరబెట్టాం.”

గదంతా నవ్వింది. ఈసారి అదీ నవ్వింది.

“ఇదంతా మీకెవరు చెప్పారు?”

నేను పైట సర్దుకున్నాను.

“ఎవరూ చెప్పలేదు మేడం. రెండూ పక్కపక్కన పెట్టి చూశాం, తెలిసిపోయింది.”

నా పేరు రాలేదని ఒక్క క్షణం చివుక్కుమంది. ఆ తర్వాత, అది “చూశాం” అన్న మాట చెవిలో తియ్యగా మోగింది.

గేటు దగ్గర లీడరు పిల్ల పరిగెత్తుకొచ్చింది. “ఆంటీ, ఈసారి హరప్పా అంట. మీ ఇంట్లోనే చేద్దామా?”

నేను నోరు తెరిచేలోగా మా అమ్మాయే అందుకుంది.

“ముందు లైబ్రరీకి పోదాం. మా అమ్మనొక్కదాన్నే నమ్ముకుంటే కష్టం.”