సింహాలకి అనువైన నెల

అమలాపురంలో విజయకుమార్ మాస్టారంటే తెలియనివాళ్లు తక్కువ. తెలిసినవాళ్లు ఆయన ఎదురొస్తుంటే పక్క సందులోకి తిరిగిపోతారు. గౌరవం లేక కాదు, తీరిక లేక. ముప్ఫై మూడేళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పిన మనిషి. ఏ నది ఏ సముద్రంలో కలుస్తుందో, ఏ గాలి ఏ నెలలో ఎటు వీస్తుందో అడిగితే చెబుతాడు. అడగకపోయినా చెబుతాడు. ఇంత ప్రపంచాన్ని నాలిక చివర పెట్టుకున్న ఆ మహానుభావుడు స్వయంగా చూసిన ప్రపంచం మాత్రం ఇటు హైదరాబాదు, అటు విశాఖపట్నం. రెండూ బంధువుల పెళ్లిళ్లకే.

రిటైరైన మర్నాడు పొద్దున్న కాఫీ తాగుతూ భార్యతో అన్నాడు: "దీనమ్మా, మనం సౌతాఫ్రికా వెళ్తన్నాం."

దీనమ్మ అప్పటికి ప్రభుత్వాసుపత్రిలో హెడ్ నర్సు. ఇంకా మూడేళ్ల సర్వీసుంది. డ్యూటీకి టైమవుతోంది. "ఎప్పుడండీ?" అంది, టిఫిను డబ్బా మూత బిగిస్తూ.

అక్కడే పొరపాటు చేసింది. "ఎందుకండీ?" అని అడిగి ఉంటే ఆ పూటే తేలిపోయేది. "ఎప్పుడు" అని అడగబట్టి నాలుగేళ్లు పట్టింది.

ఎందుకన్నదానికి మాస్టారి దగ్గర జవాబు తయారుగానే ఉంది. ఒకే దేశంలో అడవి జంతువులూ, సముద్రతీరమూ, ద్రాక్షతోటలూ మూడూ ఉన్నాయి. ఒక్క ప్రయాణంలో మూడూ చూసెయ్యొచ్చు. ఇంత పొదుపైన దేశాన్ని దేవుడు కోనసీమవాళ్ల కోసమే చేసుంటాడని ఆయన నమ్మకం. ఎప్పుడన్నదే ప్రశ్న. దాని అంతు తేల్చడానికి ఆయన రెండువందల పేజీల లాంగ్ నోట్‌బుక్కు ఒకటి కొన్నాడు. స్కేలు, మూడు రంగుల పెన్సిళ్లు ఇంట్లోనే ఉన్నాయి.

మొదటి ఏడాది తిమింగలాల మీద పడ్డాడు. అవి జూన్ తర్వాత ఒడ్డుకి దగ్గరగా వస్తాయి, నవంబరు దాకా ఉంటాయి. కనుక జూలైలో వెళ్లాలి. టిక్కెట్ల మాట ఎత్తేలోగా, జూలైలో ఆ తీరంలో చలీ వానా అని చదివేడు. పైగా ద్రాక్షతీగలు అప్పుడు మోడులై ఉంటాయి. పళ్ల కోత జనవరి నుంచి మార్చి దాకా. సరే, ఫిబ్రవరి అన్నాడు. రెండో ఏడాది ఫిబ్రవరికి అన్నీ సిద్ధం చేశాక తెలిసింది, ఫిబ్రవరిలో అడవి పచ్చగా బలిసి ఉంటుందనీ, గడ్డి నిలువెత్తున ఉండి సింహం పక్కనే పడుకున్నా కనపడదనీ. సింహాలకి అనువైనది ఎండిపోయిన కాలం, ఆగస్టు, సెప్టెంబరు. మూడో ఏడాది సెప్టెంబరుకి ఖాయం చేసి, తీరా చూస్తే అప్పుడు ద్రాక్షతోటల్లో చిగుళ్లే తప్ప పళ్లు ఉండవు.

ఎర్ర పెన్సిలు సింహాలకి, నీలం తిమింగలాలకి, ఆకుపచ్చ ద్రాక్షలకి. పన్నెండు నెలల చార్టు గీసి, ముందుగదిలో పెళ్లి ఫోటో ఉండే మేకుకి తగిలించాడు. పెళ్లి ఫోటో బీరువా మీదకి వెళ్లింది. మూడు రంగులూ ఒకేచోట కలిసే నెల కోసం మాస్టారు చార్టు ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. అలాంటి నెల సంవత్సరంలో లేదు. లేదని ఒప్పుకోవడం మాత్రం ఆయన చదువుకి అవమానం.

ఈలోగా తయారీ ఆగలేదు. అడవికి ఖాకీ బట్టలు కుట్టించాడు. అంచు వెడల్పున్న టోపీ తెప్పించాడు. దూరదర్శిని కొని సాయంత్రాలు డాబా మీద సాధన చేసేవాడు. కాలవ గట్టు మీద లకుముకి పిట్టని అద్దాల్లో పట్టుకోబోతే అది ఎగిరి పక్కింటి వైపు పోయేది. పక్కింటి ఉమాదేవి నెల తిరక్కుండా ఆ వైపు కిటికీలన్నిటికీ దళసరి పరదాలు కుట్టించింది.

ఉమాదేవి భర్త సుబ్బరాజు. ఊరవతల కొబ్బరితోటలు, ఉప్పలగుప్తం వైపు రొయ్యల చెరువులు ఉన్న ఆసామి. పరదాల సంగతి మనసులో పెట్టుకోకుండా, రోజూ సాయంత్రం మాస్టారి అరుగు మీదకి వచ్చి కూర్చునేవాడు. ఊళ్లో ఇంత వినోదం ఇంకెక్కడా ఉచితంగా దొరకదు.

"సముద్రం చూడ్డానికి అంత దూరం ఎందుకండీ మాస్టారూ? ఓడలరేవులో లేదేంటండి?"

"అక్కడ రెండు మహాసముద్రాలు కలుస్తాయండి రాజుగారూ."

"ఆయ్. మనకి గోదారీ సముద్రమూ కలుస్తాయి కదండీ అంతర్వేదిలో. ఒకటి తియ్యన, ఒకటి ఉప్పన. అక్కడ రెండూ ఉప్పే కదండీ?"

మాస్టారు ఆ ప్రశ్నని నోట్‌బుక్కులో రాసుకున్నాడు.

చర్చి పాస్టరుగారు కూడా ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక పక్కకి పిలిచి మెల్లగా అడిగేరు. "సింహాలు సరేనండి. సంఘపెద్దలు మీరు, మీకు వైను తీసే ద్రాక్షతోటలతో పనేంటండి?" బైబిల్లో ద్రాక్షతోట ప్రస్తావన ఎన్నిచోట్ల ఉందో మాస్టారు అక్కడికక్కడే వచనాలతో సహా అప్పజెప్పేడు. ఆ రోజు పాస్టరుగారికి భోజనం మూడు దాటేక దొరికింది. తర్వాత ఆయన ఆ ఊసెత్తలేదు.

దీనమ్మ రిటైరైంది. ముప్ఫై ఐదేళ్లు రోగులకి వేళకి మందులిచ్చిన మనిషి. ఏ పనికైనా సరైన వేళ అంటే గడియారం ముల్లు అక్కడికి రావడమే ఆవిడ లెక్క. ఓ పది రోజులు చార్టుకి ఎదురుగా కూర్చుని కూరలు తరిగింది. పదకొండో రోజు గడియారస్తంభం దగ్గరున్న నాగసతీష్ ట్రావెల్స్‌కి నడుచుకుంటూ వెళ్లింది. నాగసతీష్ ఏడాదిలో ఆరు నెలలు హిందువుల్ని కాశీకి, ఆరు నెలలు క్రైస్తవుల్ని యెరూషలేముకి తీసుకెళ్తాడు. ఆ ఏడాది కొత్తగా, మతంతో నిమిత్తం లేకుండా, సౌతాఫ్రికాకి ఇరవైరెండు మందిని పోగేస్తున్నాడు.

మధ్యాహ్నానికి తిరిగొచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తూ చెప్పింది. "ఇద్దరికీ పేర్లిచ్చేసేనండి. మార్చి పన్నెండున ప్రయాణం."

మాస్టారు లేచి నిలబడ్డాడు. "మార్చా? చార్టు చూసేవా నువ్వు? మార్చిలో గడ్డి ఇంతెత్తుంటాది. సింహం కనపడదు. తిమింగలం ఒక్కటుండదు. అడవిలో మలేరియా కూడాను."

"మలేరియా మాత్రలు నేనిస్తాను లెండి. కోనసీమ దోమలకే పోలేదు మనం."

"ఆగస్టు దాకా ఆగితే..."

"మీరు ఆగండి. చిట్టెమ్మ వస్తానంది."

చిట్టెమ్మ దీనమ్మతో పాటు పనిచేసిన నర్సు. మాస్టారు చెప్పిన ఋతుపవనాల పాఠం మధ్యలో ఒకసారి ఆవలించింది. ఆయన మరిచిపోలేదు.

దీనమ్మ లోపలికి వెళ్లాక మాస్టారు చార్టు వైపు తిరిగేడు. ఆయన విమానం ఎక్కి ఎరగడు. నిజం చెప్పాలంటే రావులపాలెం గోదారి వంతెన మీద బస్సు ఆగినా కిటికీలోంచి కిందకి చూడడు. సరైన నెల దొరకనంతకాలం ఈ సంగతి ఎవరికీ, ముఖ్యంగా తనకి, తెలియాల్సిన అవసరం రాలేదు. ఇప్పుడు కిటికీ పక్క సీటులో చిట్టెమ్మ కూర్చుని మేఘాల్ని చూస్తూ ఆవలిస్తున్నట్టు కళ్ల ముందు కనిపించింది. అది భరించడం కంటే ఎగరడమే నయమనిపించింది.

వెళ్లేరు. విమానం లేచినంతసేపూ మాస్టారు కళ్లు మూసుకుని, ప్రార్థన చేస్తున్నానని చెప్పేడు. అబద్ధం కాదు.

అడవిలో రెండు రోజులు, ఎత్తయిన బండ్లలో. గడ్డి నిలువెత్తున ఉంది. జింకలు కనిపించాయి, జిరాఫీ మెడలు కనిపించాయి, ఒక ఏనుగు వెనకభాగం కనిపించింది. సింహం కనపడలేదు. బండిలో మిగిలినవాళ్లందరి మొహాలూ వాడిపోయేకొద్దీ మాస్టారి మొహం వెలిగిపోయింది. "చెప్పేనా!" అన్నాడు మొదటి రోజు. రెండో రోజు, "ఆగస్టని చెప్పేనా లేదా!" సింహం కనిపించి ఉంటే ఆయనకి అంత ఆనందం కలిగేది కాదు. కేప్‌టౌన్ సముద్రంలో తిమింగలం తోకయినా కనపడనప్పుడు మరీ పొంగిపోయేడు. పెంగ్విన్లు మాత్రం ఏ చార్టునీ లెక్కచెయ్యకుండా గుంపులుగా నిలబడి ఉండడం ఆయనకి కొంచెం కష్టం కలిగించింది. కేప్ పాయింట్‌లో అందరూ ఆఫ్రికా చివరంచున నిలబడ్డామని ఫోటోలు తీసుకుంటుంటే, అసలు చివర ఇది కాదనీ, అగుల్హాస్ అనీ, అది ఇంకా తూర్పుగా ఉందనీ ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేడు. ఆ సాయంత్రం నుంచి బస్సులో మాస్టారి చుట్టుపక్కల సీట్లు ఖాళీగా ఉన్నాయి.

ఆఖరి రోజు ద్రాక్షతోట. నీలం కొండల కింద బారులు బారులుగా తీగలు. మార్చి కనుక కోత సాగుతోంది. తప్పు పట్టడానికేమీ లేక మాస్టారు ముభావంగా ఉన్నాడు. రుచి చూసే హాల్లోకి అందర్నీ తీసుకెళ్లి చిన్న చిన్న గ్లాసుల్లో వైను పోస్తున్నారు. సంఘపెద్ద కాబట్టి ఆయన బయటే ఉండిపోయాడు. దీనమ్మ లోపలికి వెళ్లింది. మోతాదు తెలిసిన మనిషికి భయమేముంది?

ఆయన టోపీ చేత్తో పట్టుకుని తీగల మధ్య నడిచేడు. కొంత దూరంలో ఆడవాళ్లు కోత కోస్తున్నారు. తలకి గుడ్డలు, చేతిలో వంకీ కత్తులు, కాళ్ల దగ్గర ప్లాస్టిక్ తొట్లు. తొట్టి నిండగానే ఎత్తుకుని ట్రాక్టరు దగ్గరికి పరుగు. ఒకావిడ, వయసు మళ్లిన మనిషి, తొట్టి దించి, నడుం మీద రెండు చేతులూ పెట్టుకుని వెనక్కి విరుచుకుంది.

మాస్టారు ఆగిపోయాడు. అచ్చం వాళ్లమ్మ మార్తమ్మ. నాట్ల రోజుల్లో బురదలోంచి గట్టెక్కి ఆవిడా ఇలాగే, ఇదే తీరున, నడుం విరుచుకునేది. పలకా బలపంతో గట్టు మీద కూర్చున్న కొడుకు ఎండలో ఉన్నాడేమోనని ముందు అటే చూసేది. ఈ సంగతి ఆయన ఏ పాఠంలోనూ ఎవరికీ చెప్పలేదు.

ఆవిడ ఆయన్ని చూసింది. వచ్చీరాని ఇంగ్లీషులో పలకరించింది. ఈయనా అంతకంటే మెల్లగా మాట్లాడాడు.

"ఎక్కడి నుంచి?"

"ఇండియా."

"సింహాన్ని చూశారా?"

"లేదమ్మా."

"నేనూ చూడలేదు," అని పకపకా నవ్వింది. "అరవై రెండేళ్లు నాకు. ఇక్కడే పుట్టాను. ఆ అడవి చాలా దూరం."

మాస్టారిలోని మాస్టారు ఊరుకుంటాడా? సింహాన్ని చూడాలంటే ఆగస్టు మంచిదని చెప్పేడు. గడ్డి ఎండిపోతుంది, నీటిగుంటల దగ్గరికి వస్తాయి...

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "అప్పుడు మాకు తీగలు కత్తిరించే పని," అంది.

ఆయన చార్టులో ఆ రంగు లేదు. ఏదో చెప్పబోయి నోరు మూసుకున్నాడు. ఆయన జీవితంలో ఇది అరుదైన ఘట్టమే గానీ, చూడడానికి దీనమ్మ అక్కడ లేదు. ట్రాక్టరు మీదనుంచి ఎవరో కేక వేశారు. ఆవిడ ఒక గుత్తి తుంచి ఆయన టోపీలో వేసి, తొట్టి తీసుకుని వెళ్లిపోయింది. చిన్న పళ్లు, మందం తొక్క, నిండా గింజలు. బస్సులో దీనమ్మ రెండు తిని, "మన పన్నీరు ద్రాక్షే నయమండి," అంది. ఆయన ఏమీ అనలేదు. ఆయన ఒళ్లు వెచ్చగా ఉందేమోనని దీనమ్మ నుదురు తాకి చూసింది.

ఊరొచ్చిన మర్నాడే సుబ్బరాజు అరుగు మీదకి వచ్చేశాడు. "చెప్పండి మాస్టారూ, సింహాన్ని చూసేరా?"

"లేదండి."

"తిమింగలం?"

"లేదండి."

"మరేం చూసేరండీ అంత దూరమెళ్లి?"

"తోటలో పని చేసుకునే ఒకావిణ్ణి చూసేనండి. మా అమ్మలా ఉంది."

సుబ్బరాజు నవ్వబోయాడు. మాస్టారి మొహం చూసి ఆగేడు. "మీ అమ్మంటే మార్తమ్మే కదండీ," అన్నాడు కాసేపటికి. "నా చిన్నప్పుడు నాట్లకొచ్చేది."

"ఆయ్. మీ చేలోకేనండి."

సుబ్బరాజు వీధి అవతల కొబ్బరిచెట్ల తలలవైపు చూస్తూ కూర్చున్నాడు. చెట్టెక్కి దింపు తీసే మనిషి దొరక్క ఇరవై రోజులైంది. ఎండుకాయలు వాటంతటవే రాలుతున్నాయి.

"అయితే అక్కడ పనికి మనుషులు దొరుకుతున్నారన్నమాట," అన్నాడు చివరికి, మనస్ఫూర్తిగా అసూయపడుతూ.