మూడో గంట తర్వాత

ఇవాళ పొద్దున మా కోడలు ఉప్మా కలిపి, గరిటెకు అంటుకున్నది రాలడానికి గిన్నె అంచు మీద మూడు సార్లు కొట్టింది. ఎవరింట్లోనైనా వినపడే చప్పుడే. నేను మాత్రం చేతిలో పేపరు పక్కన పడేసి లేచి నిలబడ్డాను. "ఏంటత్తయ్యా, ఏమైనా కావాలా?" అంటుంది ఆ పిల్ల. ఏం చెప్పను? మూడో దెబ్బ పడింది, ఇక తలుపు వెయ్యాలి తల్లీ అంటే, ఈవిడకు చాదస్తం ముదిరిందనుకుంటుంది. ఈ జబ్బు నాకు నీనక్క అంటించింది. ఇన్నేళ్ళయినా వదల్లేదు, వదలాలని నేనూ అనుకోలేదు.

నీనక్క రష్యన్ మనిషి. పుట్టింది మాస్కోలో, కాపురం దోహాలో, మాట్లాడేది తెనాలి తెలుగు. తొంభైల మొదట్లో మేం దోహాలోని నజ్మా పేటలో అద్దెకున్నప్పుడు వాళ్ళది మా పక్క ఫ్లాటు. ఆమె భర్త సత్యంగారు మాస్కోలో ఇంజనీరింగ్ చదువుకుంటూ ఆమెను పెళ్ళి చేసుకున్నారు. తరవాత తెనాలిలో అత్తగారి దగ్గర కొన్నేళ్ళున్నారు. అత్తగారి నోటినుంచి నేర్చిన తెలుగు కాబట్టి అందులో గదమాయింపు ముందు, మాట తర్వాత. దోహాలో దిగిన వారం నేను గోంగూర కడుగుతుంటే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. బంగారు రంగు జుట్టు, నీలి కళ్ళు, నేత చీర. "హలో" అందామని నోరు తెరిచేలోగా, "ఏమే, అట్లా కడిగితే ఇసక పోద్దా? ఇటివ్వు" అని గిన్నె లాక్కుంది. అప్పట్నుంచి ఆమె నాకు అక్క.

ఆ వంటింట్లోనే నేను, వాళ్ళమ్మ పనిచేసిన మాస్కో పెద్ద థియేటర్ చరిత్రంతా విన్నాను. రష్యా వాళ్ళకు అది గుడిలాంటిది. పాటతో నడిచే నాటకాలు, కథ చెప్పే నృత్యాలు తప్ప అక్కడ ఇంకొకటి ఆడేవాళ్ళు కాదట. "మీ అమ్మ అక్కడ డాన్సరా?" అని అడిగాను ఆశగా. "కాదే. తలుపు దగ్గర నిలబడేది" అంది నీనక్క, దానికంటే పెద్ద పదవి లేనట్టు. టికెట్ చూసి కుర్చీ చూపించడం, మూడు గంటలు మోగాక తలుపు మూసెయ్యడం ఆమె పని. మొదటి గంటకు కోటు విప్పి ఇవ్వాలి. రెండో గంటకు కుర్చీ వెతుక్కోవాలి. మూడో గంట తర్వాత ఎవరొచ్చినా విరామం దాకా బయటే.

చింతపండు పిసుకుతూ చెప్పుకుపోయేది. "అది కాలిపోయిందే. మళ్ళీ కట్టారు. మళ్ళీ కాలింది. గోడలూ ముందరి స్తంభాలూ మిగిలినాయి. ఈసారి కట్టినాయన హాలు లోపలంతా చెక్కతో చేయించాడు, వీణ కుండలాగా."

"కాలిపోయినదాన్ని మళ్ళీ చెక్కతో కట్టడమేంటక్కా, బుద్ధుందా?"

"పాట వినపడాలా, వద్దా? రాయితో కడితే కాలదు. వినపడదు కూడా."

రెండో ప్రపంచ యుద్ధంలో ముందు భాగం మీద బాంబు పడింది. ఆ చలికాలమే బాగుచెయ్యడం మొదలెట్టారు. అప్పటికి పడుచుపిల్ల అయిన వాళ్ళమ్మ ప్లాస్టర్ బకెట్లు మోసింది. నెత్తిన బాంబులు పడుతుంటే నాటకశాలకు మరమ్మతులేమిటని నేను నోరెళ్ళబెట్టాను. "యుద్ధం అయిపోయినాక జనం ఎక్కడ కూర్చుంటారే మరి?" అంది. రాజుగారికి మధ్యలో బంగారు పూత వేసిన గది ఉండేదట. ఆయన వచ్చేదాకా ఆట ఆపేవాళ్ళా అని అడిగితే, "ఆపేవాళ్ళు. అందుకే రాజు పోయాడు" అని చింతపండు పిప్పి సింకులో పారేసింది.

ఆ థియేటర్ కబుర్లలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది వాళ్ళ పెళ్ళి కథ. సత్యంగారు చదువుకునే రోజుల్లో చవక టికెట్ కొని పైఅంతస్తులో నిలబడి చూసేవారు. మూడో గంట మోగాక కింద కుర్చీలు ఖాళీగా ఉంటే, నిలబడ్డవాళ్ళను దిగొచ్చి కూర్చోమనడం అక్కడి తలుపుమనుషుల అలవాటు. ఖాళీ కుర్చీని చూస్తూ ఎవరూ పాడలేరని వాళ్ళమ్మ నమ్మకం. ఒకరోజు ఆవిడ ఈ నల్లటి కుర్రాణ్ణి పిలిచి ఖాళీ కుర్చీ చూపించింది. పక్క కుర్చీలో కూతురుంది.

ఇక మా సంగతి. నేను దోహాలో స్కూల్లో లెక్కలు చెబుతూ, ఏటా ఉగాదికి తెలుగువాళ్ళ పిల్లలతో నాటిక వేయించేదాన్ని. ఒక ఏడు, నాటిక మొదట్లో ఎనిమిదేళ్ళ పిల్ల ఒక్కతే స్టేజీ మీద నిలబడి మాట్లాడుతుండగా ముఖ్య అతిథి వచ్చారు. సత్యంగారి కంపెనీ జనరల్ మేనేజర్. మన తెలుగాయనే. హాలంతా లేచింది. మావాళ్ళు నాటిక ఆపించి, దండ వేసి, ఫోటోలు తీసి, "ఆ, కంటిన్యూ అమ్మా" అన్నారు. ఆ పిల్ల మాట మరిచిపోయి బిక్కమొహం వేసింది. ఎంత కంటిన్యూ అన్నా ఏడుపే తప్ప మాట రాలేదు. నాకు కడుపు మండిపోయింది. నీనక్క పెదవులు తెల్లబడ్డాయి. "వచ్చే ఏడు తలుపు దగ్గర నేనుంటా" అంది.

వచ్చే ఏడు రానే వచ్చింది. ముఖ్య అతిథి మళ్ళీ ఆయనే. అంతకంటే పెద్ద చిక్కు, సత్యంగారి కాంట్రాక్ట్ ఆ నెలతో అయిపోతోంది. పొడిగించే సంతకం ఆ మేనేజర్‌గారిదే. అది పడకపోతే సామాను కట్టుకుని ఇండియా వెళ్ళిపోవడమే. అక్కడ రష్యాలో దేశం తలకిందులై, నీనక్క తల్లికి పింఛను రొట్టెకు కూడా చాలడం లేదు. ఇక్కణ్ణుంచి పంపితేనే ఆవిడ తినేది. ఇదంతా తెలిసి కూడా నీనక్క ఇంట్లోంచి స్టీలు కంచం, గరిటె పట్టుకొచ్చి హాలు గుమ్మంలో నిలబడింది.

మూడో గంట కొట్టేసరికి ముందు వరసలో తెల్లగుడ్డ కప్పిన కుర్చీలు అట్లాగే ఖాళీగా ఉన్నాయి. ఇండస్ట్రియల్ ఏరియా నుంచి కంపెనీ బస్సులో వచ్చిన మనవాళ్ళు, జగిత్యాల వైపు మేస్త్రీలూ కూలీలూ, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. నీనక్క నేరుగా వాళ్ళ దగ్గరికి పోయింది. "గోడకెందుకయ్యా అతుక్కుపోయారు? పోయి ముందు కూర్చోండి."

మల్లేశం అనే మేస్త్రీ తల గోక్కున్నాడు. "గవి పెద్దసార్లయి గదమ్మా. కూసున్నంక లేపుతరు."

"మూడో గంట అయినాక ఎవరు కూర్చుంటే వాళ్ళదే. ఎవడు లేపుతాడో నేనూ చూస్తా."

వాళ్ళు వెళ్ళి కుర్చీల అంచుల మీద కూర్చున్నారు. అప్పుడే బయట మేనేజర్‌గారి కారు ఆగడం కనిపించింది. నీనక్క మళ్ళీ తలుపు దగ్గరికి నడిచింది, నేనూ వెనకే పోయాను. "అక్కా, ఒక్క నిమిషం ఆగుదాం. సత్యంగారి కాంట్రాక్ట్..." అన్నాను. గడియ మీద ఆమె చెయ్యి ఆగింది. ఆగిందని నేను కళ్ళారా చూశాను. స్టేజీ మీద అదే పిల్ల, ఈసారి తొమ్మిదేళ్ళది, నోరు తెరవబోతోంది. నీనక్క బయటికి వెళ్ళి, తన వెనక తలుపు వేసుకుంది.

బయట ఏం జరిగిందో సత్యంగారి వల్ల తర్వాత తెలిసింది. మేనేజర్‌గారికి దణ్ణం పెట్టి, కుర్చీ వేసి, టీ తెప్పించి, "విరామం దాకా ఆగాలండీ, లోపల పిల్ల మాట్లాడుతోంది" అందట. ఆయన కూర్చున్నంతసేపూ తను నిలబడే ఉందట. విరామంలో ఆయన లోపలికొచ్చేసరికి మల్లేశం గభాలున లేచాడు. ఆయన మొహం ముడుచుకునే ఉంది గాని, "కూర్చో, కూర్చో" అని వెనక వరసలోకి పోయారు. దండ వేయించుకోకుండానే వెళ్ళిపోయారు. ఆ పిల్ల మాత్రం ఒక్క మాట తడబడలేదు.

కాంట్రాక్ట్ పొడిగించలేదు. ఆ నెల కంపెనీలో చాలామందిని తీసేశారన్నారు సత్యంగారు. నమ్మినవాళ్ళు నమ్మారు. నేను నమ్మలేదు. కోపం పట్టలేక నీనక్క మీదే విరుచుకుపడ్డాను. "కాసేపు తలుపు తీసి ఉంచితే ఏం పోయేదక్కా? ఇప్పుడు మీ అమ్మ సంగతేంటి?"

"నాకూ రాత్రంతా అదే అనిపించిందే శారదా" అంది. కళ్ళు వాచి ఉన్నాయి. "తప్పు చేశానని సత్యం ముందు ఏడ్చా. ఏమన్నాడో తెలుసా? ఆ రోజు మీ అమ్మ నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టకపోతే నువ్వెక్కడ, నేనెక్కడ అన్నాడు. తెనాలి పోయి ట్యూషన్లు చెప్పయినా మా అమ్మకు పంపుతాట్ట." ఇద్దరం పట్టుకుని ఏడ్చాం.

వాళ్ళు వెళ్ళే రోజు శుక్రవారం. అదే సాయంత్రం మల్లేశం వాళ్ళు అడిగారని వాళ్ళుండే క్యాంపు మెస్సులో మా నాటిక మళ్ళీ వేస్తున్నాం. రాత్రికి నీనక్క వాళ్ళ విమానం. పొద్దున్నే ఆమె కంచం, గరిటె నా చేతిలో పెట్టి, "ఈసారి నువ్వు కొట్టు. నేను ముందు కూర్చుని చూస్తా. ఇన్నాళ్ళూ తలుపు దగ్గరే సరిపోయింది" అంది. సామాను కట్టేవాళ్ళు ఆలస్యం చేశారట. రెండో గంట కొట్టాను. రాలేదు. వీలైనంత సాగదీసి మూడోది కొట్టాను. మెస్సంతా నిశ్శబ్దమైంది. పిల్ల స్టేజీ మీదికొచ్చింది.

తలుపు దగ్గర మల్లేశం గుసగుసగా అన్నాడు, "అక్కా, నీనమ్మ ఉరుక్కుంట అస్తుంది. గేటుకాడున్నది. తలుపు ఆపాల్నా?"

నీనక్క మా నాటిక ఇంకోసారి చూడగలదో లేదో. అయినా నోటినుంచి వచ్చిన మాట, "వెయ్యి."

అతను నా మొహంలోకి ఒకసారి చూసి, వేశాడు. నాటిక ఎట్లా జరిగిందో నాకు తెలియదు. జనం నవ్వుతున్నారు, చప్పట్లు కొడుతున్నారు, నా ప్రాణమంతా ఆ తలుపు దగ్గరే ఉంది. చిన్న నాటిక, విరామం లేదు. అయిపోగానే పరుగెత్తి తలుపు తీశాను. బోర్లించిన పెయింటు డబ్బా మీద కూర్చుని ఉంది, చెప్పుల నిండా దుమ్ము, తలుపుకు చెవి ఆనించుకుని.

"కోపమా అక్కా?"

"నువ్వు తెరిచుంటే వచ్చేది కోపం" అంది లేస్తూ. నా బుగ్గ గట్టిగా గిల్లింది. "అంతా వినపడిందే. చెక్క తలుపు కదా. మా అమ్మకు రాస్తా, నీ పని దోహాలో ఒకత్తి చేస్తోందని." టాక్సీలోంచి సత్యంగారు పిలుస్తున్నారు. వెళ్ళిపోయింది.

పోయిన నెల మనవడి స్కూలు వార్షికోత్సవానికి ఆటో దొరక్క ఆలస్యంగా చేరాను. లోపల వాడి గొంతు అప్పుడే మొదలైంది. గుమ్మంలో ఉన్న అమ్మాయి, "రండి మామ్మగారూ, ముందు కుర్చీ ఉంది" అని తలుపు తియ్యబోయింది. వద్దన్నాను. ఆ కుర్చీలో వెనక నిలబడ్డవాళ్ళనెవరినైనా కూర్చోబెట్టమని చెప్పి, మెట్ల మీద కూర్చుని తలుపుకు చెవి ఆనించాను. కోడలు ఆ సంగతికి ఇంకా సణుగుతూనే ఉంది. వాడి మాట ఒక్కటి కూడా పోలేదు. ఆ తలుపు కూడా చెక్కదే.