మా అన్న బరాత్‌కు పెట్రోల్ పోసిందెవరు?

మా అన్న పెండ్లి ముహూర్తాన్ని నడిరోడ్డు మీద నిలబెట్టిన ఘనత నాది. బ్యాండువాళ్ళకు ఊపిరాడకుండా చేశాను. మగపెండ్లివారిని ఎండలో చెమటలు కక్కేదాకా గంతులేయించాను. వియ్యాలవారి గుండెల్లో రాయి పడేశాను. ఇదంతా పట్టుచీర కట్టుకుని, స్టీరింగ్ ముందు కూచుని, చెయ్యి కూడా కదపకుండా చేశాను. ఇప్పటికీ మా చుట్టాల్లో ఎవరింట పెండ్లయినా భోజనాల బంతిలో ఈ కథ లేస్తుంది. చెప్పేవాళ్ళంతా తప్పు నాదేనంటారు. ముమ్మాటికీ కాదు. కావాలంటే చదివి మీరే చెప్పండి. మీరు కూడా నాదే అంటే మీతో మాట్లాడను, అది వేరే సంగతి.

డెబ్బయిల నాటి మాట. మా బాపుకు చార్మినార్ దగ్గర గాజుల హోల్‌సేల్ దుకాణం, సంతోష్‌నగర్‌లో ఇల్లు, ఆ ఇంటి ముందు ఒక పాత నల్ల కారు. కారు నడిపేది ఖాజా భాయ్. ఆయన్ను బతిమిలాడి, బెదిరించి, అమ్మ చేసిన సకినాలు లంచం పెట్టి నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. లైసెన్సు కూడా తెచ్చుకున్నాను. బాపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఫోటో మంచిగ వచ్చింది బిడ్డా" అన్నాడు. అంతే. కారు తాళం మాత్రం ఆయన లాల్చీ జేబులోంచి బయటికి రాలేదు.

అన్న పెండ్లినాడు పొద్దున ఖాజా భాయ్ వచ్చి గేటు బయటే నిలబడ్డాడు. రెండు కళ్ళూ టమాటల్లా ఉన్నాయి. కండ్లకలక!

"మాఫ్ కర్నా సేఠ్, సడక్ నజర్ నై ఆరీ" అన్నాడు. రోడ్డే కనబడటం లేదట.

పెండ్లి దబీర్‌పురాలో. మా చుట్టాల్లో త్రాసు పట్టడం రానివాడు లేడు గానీ, స్టీరింగ్ పట్టడం వచ్చినవాడు ఒక్కడూ లేడు. టాక్సీ మాట్లాడదామని ఎవరో అంటే మా మేనత్త అనసూయమ్మ ఒంటికాలి మీద లేచింది. ఇంట్లో కారు పెట్టుకుని పిల్లగాణ్ణి కిరాయి బండిలో తీసుకుపోతారా అని. అప్పుడు బాపు నావైపు చూశాడు. ఎంత సేపు చూశాడంటే, నేను ఆ లోపల మూడుసార్లు చీర సర్దుకున్నాను.

"సరోజా, బండి తియ్యి. గని ఒక్క మాట. అన్నను లగ్గం టైముకు దబీర్‌పురాల దింపినవా, రేపటి సంది తాళం నీ దగ్గర్నే ఉంటది. నడుమల ఏదన్న లొల్లి అయ్యిందో, ఇగ జన్మల స్టీరింగ్ ముట్టద్దు."

"ఏందిరా తమ్మీ గిది!" అత్త బుగ్గలు నొక్కుకుంది. "ఆడబిడ్డ అన్నంక కొంగుముడి ఏస్తది. గేరేస్తదా ఎక్కడన్న?"

"రెండు ఏస్త అత్తా. నువ్వైతే ఎక్కి కూసో."

ఇక అసలు విషయానికి వస్తున్నాను, జాగ్రత్తగా వినండి. మా కారులో పెట్రోల్ ముల్లు ఎన్నో ఏండ్లుగా సగం దగ్గరే ఆగిపోయి ఉంది. టాంకు నిండినా సగమే, ఎండినా సగమే. అందుకని ఖాజా భాయ్ సీటు కింద ఒక వేపపుల్ల దాచుకునేవాడు. దాన్ని టాంకులో ముంచి, తడి ఎంతవరకు వచ్చిందో చూసి బండి తీసేవాడు. నేనూ ఆ పుల్ల బయటికి తీశాను. నిజంగా తీశాను. టాంకు మూత మీద చెయ్యి కూడా పెట్టాను.

సరిగ్గా అప్పుడే బాపు, "పెట్రోల్ చూసుకున్నవా?" అన్నాడు.

ఇన్నేండ్లలో ఖాజా భాయ్‌ని ఆ మాట ఎవరన్నా అడిగారా? అడగలేదు. మరి నన్నెందుకు అడగాలి? నాకు మస్తు కోపం వచ్చింది. పుల్లను మళ్ళీ సీటు కిందికి విసిరేశాను.

"చూసుకున్న" అన్నాను.

నోరు మూసుకుని ఉంటే నేనే చూసేదాన్ని. తప్పెవరిదో మీకు ఈపాటికి అర్థమై ఉండాలి.

బయలుదేరాం. ముందు బ్యాండు, దాని వెనక గంతులేస్తూ మగవాళ్ళు, వాళ్ళ వెనక పూలు కట్టిన మా కారు. వెనక సీట్లో నుదుటికి బాసికం కట్టుకుని అన్న, పక్కన కొబ్బరిబోండం పట్టుకుని అత్త. సైదాబాద్ దగ్గర పెట్రోల్ పంపు కనబడగానే అన్న ముందుకు వంగాడు.

"సరోజా, జర పోపియ్యరాదు?"

"ఎందుకు? నాకు నడుపుడు రాదా?"

"నడుపుడు గాదే, పెట్రోల్ సంగతి..."

"నీ పెండ్లి నువ్వు చూసుకో. నా బండి నేను చూసుకుంట." గట్టిగా హారన్ కొట్టి మరీ పంపు దాటించాను.

నా లెక్క నాకుంది. సంతోష్‌నగర్ నుంచి దబీర్‌పురా ఎంత దూరం? ఖాజా భాయ్ బీడీ ముట్టిస్తే అది ఆరేలోగా దించేవాడు. కానీ అది ఉత్త రోజుల లెక్క. బరాత్ కారు మనిషి కంటే మెల్లగా పోవాలి. చౌరస్తా వస్తే ఆగాలి. కొత్త పాట ఎత్తుకుంటే ఆగాలి. ఎవరి చిన్నాయనకో హుషారు పుడితే ఆగాలి. మనుషులు ఆగుతారు గానీ ఇంజను ఆగదు కదా, నిలబడ్డచోటనే తాగుతూ ఉంటుంది. ఈ సంగతి నాకు ఆ రోజే తెలిసింది. తెలిసేసరికి చంచల్‌గూడ దాటాం. దూరంగా పెండ్లి షామియానా కొస కూడా కనబడుతోంది. అక్కడ బండి రెండుసార్లు దగ్గి, ఒళ్ళు జాడించి, ఆగిపోయింది.

వెనక నుంచి అన్న గొంతు సన్నగా వినబడింది.

"సరోజా, ఆగిందా? ఆపినవా?"

"ఆపిన."

"ఎందుకు?"

"ఆడేటోళ్ళు ఆడుకోవద్దా?"

నిజంగానే వాళ్ళు నేను ఆట కోసం ఆపాననుకున్నారు. బ్యాండు మాస్టర్ వెనక్కి తిరిగి నవ్వుతూ, "వాహ్ ఆపా! ఏక్ ఔర్ బజాతూఁ!" అని ఇంకో పాటకు బాకా ఎత్తాడు. బాపు చెమట తుడుచుకుంటూ కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఏంది బిడ్డా, గిక్కడ ఆపినవ్?"

"ఒక్కగానొక్క కొడుకు పెండ్లి బాపు. నువ్వు ఒక్క గంతన్న ఏసినవా?"

బాపు సిగ్గుపడ్డాడు. వెళ్ళి వేశాడు కూడా.

తోస్తే పోయేంత దూరమే. కానీ తోయమంటే బాపుకు తెలుస్తుంది, తెలిస్తే తాళం పోతుంది. అన్న దిగి నడవడానికీ లేదు. ఆడపెండ్లివారు ఎదుర్కోళ్ళకు వచ్చి, పానకం తాగించి దింపేదాకా పెండ్లికొడుకు కాలు కింద పెట్టకూడదు. పెడితే అత్త కొబ్బరిబోండం మా ఇద్దరిలో ఎవరో ఒకరి నెత్తిన పగిలేది.

"అన్నా, టాంకుల అడుగుకు జరంత ఉండచ్చు. నువ్వు కుడికి ఎడమకు ఊగు. పైపులకు దిగుతది."

"పెండ్లికొడుకునే నేను!"

"పెండ్లి గావాల్నా వద్దా? ఊగు!"

ఊగాడు పాపం. బాసికం ఒక చెవి మీదికి వచ్చేదాకా ఊగాడు. పక్కన అత్త కూడా ఊగింది, ఆమెకు వేరే దారి లేదు. బయటివాళ్ళు అది చూసి, పిల్లగాడు సీట్లోనే ఆడుతున్నాడని ఈలలు వేశారు. నేను తాళం తిప్పాను. బండి కుయ్యిమని మూలిగి ఊరుకుంది.

"గర్ర్‌మంటలేదేందే?" అంది అత్త.

"బ్యాండు చప్పుడుకు ఇనొస్తలేదు అత్తా."

ఇంతలో షామియానా వైపు నుంచి జనం రావడం కనబడింది. ముందు పెండ్లికూతురి తండ్రి సత్తయ్య మామ, చేతిలో పానకం గ్లాసు. గబగబా వస్తుంటే సగం పానకం ఆయన ధోతి మీదే ఒలికింది. ఎదుర్కోళ్ళు అనుకుని నా ప్రాణం లేచి వచ్చింది. మామ సరాసరి బాపు ముందుకు పోయి, గ్లాసు ఎవరికో ఇచ్చి, రెండు చేతులూ జోడించాడు.

"ఏం తక్కువైంది బావా? ఎక్కడ తప్పు జరిగింది?"

బాపు గంతు మధ్యలో ఆగిపోయాడు. బ్యాండు ఆగింది. అప్పుడు తెలిసింది నాకు. షామియానా కనబడేంత దగ్గరికి వచ్చి మా కారు కదలకుండా నిలబడేసరికి, వాళ్ళు మేము అలిగామనుకున్నారు. మగపెండ్లివారు గడపదాకా వచ్చి ఆగారంటే ఇంకేదో కావాలని బిగుసుకున్నట్టే లెక్క. అలాంటి అలకలు మా వైపు కొత్తేమీ కాదు.

"అలుగుడేంది? మేమేం..." అని బాపు నసిగాడు. కానీ అత్త ఊరుకుంటుందా? కిటికీలోంచి తల బయటపెట్టింది. నిజం తెలియకపోయినా సందు మాత్రం దొరికింది.

"అడిగినంక చెప్పాలె గదా అన్నా! పిల్లగాడు ఎన్నొద్దుల సంది స్కూటర్ మీద మనసు పడ్డడు..."

ఆమె పక్కన మా అన్న, "అత్తా, నేనెప్పుడన్న?" అని గొణిగాడు. బాపు మాత్రం వద్దనలేదు. అది చూసి నాకు ఒళ్ళు మండింది.

సత్తయ్య మామ ముఖం పాలిపోయింది. "గిప్పటికిప్పుడంటే ఎట్ల అక్కా... జర టైమియ్యిండ్రి, ఎట్లన్న జేసి..." అంటున్నాడు. అంతవరకూ లోపల్లోపల నవ్వుకుంటున్నదాన్ని, నాకు నవ్వు పోయింది. నా టాంకు ఎండితే ఆయన ఎందుకు చేతులు జోడించాలి? తాళం పోతే పోయింది. హారన్ మీద చెయ్యి పెట్టి నొక్కాను. అందరూ ఉలిక్కిపడి ఇటు తిరిగారు.

"మామా! చేతులు దించు. మాకు స్కూటర్ వద్దు, ఏమొద్దు. పెట్రోల్ గావాలె!"

ఎవరికీ అర్థం కాలేదు.

"పెట్రోల్ మామా! ఒక డబ్బెడు! ఎవ్వరం అలగలేదు. అయిపోయింది, గంతే!"

సత్తయ్య మామ నన్ను చూశాడు, కారును చూశాడు. ఆయన చేతులు విడిపోయి పొట్ట మీదికి వెళ్ళాయి. అక్కడ పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వాడు. మళ్ళీ బ్యాండు మోగింది. అత్త తల కిటికీలోంచి లోపలికి పోయింది.

మామకే ఒక పాత స్కూటర్ ఉంది. దాన్ని నడిపించుకొచ్చి, రబ్బరు పైపు పెట్టి, అందులో ఉన్నదంతా మా టాంకులోకి వంచారు. స్కూటర్ పెట్రోల్‌లో ఆయిల్ కలిపి ఉంటుంది కదా, మా కారు షామియానా దాకా వెనక పొగ వదులుతూ పోయింది. అన్న దిగేసరికి సాంబ్రాణి వేసినట్టుంది. లగ్గం మాత్రం దాటలేదు. అది ఎవరూ చెప్పరు, నేనే చెప్పుకోవాలి.

కొంగుముడి కూడా నేనే వేశాను. మూడుముళ్ళు పడ్డాక బాపు నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు.

"తాళం ఇయ్యి."

ఇవ్వనని చెప్పడానికి నోరు తెరిచాను. అంతలో వెనక నుంచి సత్తయ్య మామ వచ్చి బాపు చెయ్యి పట్టుకున్నాడు.

"బావా, గా తాళం ఆమె దగ్గర్నే ఉండాలె. అప్పగింతలైనంక నా బిడ్డ మీ ఇంటికి గీ పిల్ల నడిపే బండిలనే వస్తది. ఇంకెవ్వరు నడిపినా నేను పంప."

బాపు ముఖంలోకి చూస్తూ అన్నాడు.

"గిప్పుడు నేనలిగిన."

బాపు చేసేదేముంది? వియ్యంకుడి అలక తీర్చాలి కదా. తాళం నా దగ్గరే ఉండిపోయింది, నేటికీ ఉంది.

ఆ సాయంత్రం వదినను తీసుకొచ్చేముందు, కారు బానెట్ మీద చెయ్యి పెట్టి, మా ఇంటి దేవుళ్ళందరినీ పేరు పేరునా పిలిచి ఒట్టు వేసుకున్నాను. ఇక జన్మలో టాంకు చూడకుండా పెండ్లి బరాత్‌కు బండి తీయను గాక తీయను. మిగతా రోజుల సంగతి మాత్రం నన్నడగొద్దు. ఆ రోజుల గురించి నేనేమీ ఒట్టు వేయలేదు.